చలిరాత్రులలో గుమ్మడికాయకు కంబళి

మన పల్లెలలో గుమ్మడిపాదునకు దుప్పటి కప్పువారు లేరు. అది దడిమీదనో, పాకకప్పుమీదనో ప్రాకి తనంతట తానే కాయును. ధనుర్మాసపు చలిలో సైతము పూచి గొబ్బెమ్మలకు పూవుల నిచ్చును. కాని ఉత్తర అమెరికాలోని కొందఱు తోటవారు శరదృతువు రాగానే సాయంకాలమున కంబళ్లు, బొంతలు మోసికొనిపోయి, గుమ్మడికాయను పసిబిడ్డనువలె కప్పి వచ్చెదరు. ఈ మాట మొదట విన్నపుడు మేమును నవ్వితిమి. కారణ మారసిన పిదప నవ్వు మాని, ఇందు నేర్వదగిన ప్రకృతిశాస్త్రము చాల కలదని గ్రహించితిమి. దానిని తోడి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపగోరి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆ కాయలు మన మెఱిగిన కాయలు కావు. కెనడాదేశమునకు చెందిన విలియం వార్నాక్ అను నతడు 1900 సంవత్సరమున పారిస్ ప్రదర్శనమునకు 400 పౌనుల గుమ్మడికాయను పంపెను. 1904లో అతని కాయయే 403 పౌనులు తూగెను. డెబ్బది యేండ్లకు పైగా దానిని మించినది లేకపోయెను. పిమ్మట నోవా స్కోషియాలోని విండ్సర్ ప్రాంతమున హోవార్డ్ డిల్ అను రైతు ఏటేట మేలైన కాయల విత్తనమునే యెన్ని, ‘అట్లాంటిక్ జెయంట్’ అను జాతిని సిద్ధము చేసెను. నేటి పెద్దకాయలన్నియు ఇంచుమించుగా ఈ జాతివే. 2023 అక్టోబరులో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పట్టణమున ఒక కాయ 2,749 పౌనులు, అనగా సుమారు 1,247 కిలోగ్రాములు తూగెను. 2025లో ఇంగ్లండున పెరిగిన మఱియొక కాయ దానినిగూడ మించెను.

ఇట్టి కాయకు కాలము చాలదు. వసంతమున విత్తనమును ఇంటిలోనే మొలిపించి, మంచు తగ్గిన పిదప తోటలో నాటుదురు. వేసవి నడుమ పిందె నిలుచును. మంచి అదనున కాయ ఒక్కదినముననే 20 కిలోగ్రాములవఱకు పెరుగుట కలదు. సెప్టెంబరు వచ్చుసరికి పగలు కుఱుచయగును, రాత్రులు చల్లబడును, పెరుగుదల మందగించును. తూకము అక్టోబరులో. ఈ నడిమి వారములలో దినమునకు కొలదిగ చేరు బరువే గెలుపోటములను నిర్ణయించును. గుమ్మడి ఉష్ణదేశపు సంతతి. పది డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువ చలిలో అది బహుదినము లుండెనేని కాయకు హాని కలుగును.

రాత్రివేళ కాయలోని వేడి యెచ్చటికి పోవును? కొంత చల్లగాలికి పోవును. మేఘములు లేని నిర్మలమైన రాత్రి అధికభాగము వికిరణముచే ఆకాశమునకు పోవును. మేఘములున్నచో అవి నేలవేడిని కొంత మరల క్రిందికే పంపును. చుక్కలు తేటగా మెఱయు రాత్రి చలి యెక్కువగుటకు ఇదియే కారణము.

కంబళి ఈ వేడిని పోనీయక అడ్డగించును. కంబళి వేడిని పుట్టించునని కొందఱనుకొందురు. అది పొరపాటు. మన అంగళ్లలో మంచుగడ్డను రంపపుపొట్టులో పాతి గోనె కప్పుదురు గదా! అచ్చట ఆ కప్పు వెలుపలివేడిని లోనికి రానీయదు. ఇచ్చట కంబళి లోనివేడిని వెలుపలికి పోనీయదు. రెండింటను పనిచేయునది పోగుల నడుమ చిక్కిన నిశ్చలమైన గాలియే.

కావున కప్పు వేళను తప్పరాదు. ప్రొద్దు వాలుచుండగా, కాయ యింకను వెచ్చగా నున్నపుడే కప్పవలెను. చీకటిపడి చల్లారిన పిదప కప్పినచో చలినే దాచినట్లగును. ఉదయమున ఎండ తగులగానే తీయవలెను. వాన కురియునేని కంబళిపై నీరు దిగని పట్టా పఱతురు. తడిసిన కంబళిలోని నీరు ఆవిరియగుచు కాయవేడినే హరించును. అంతేగాక తడి నిలిచినచోట తొక్క క్రుళ్లును.

పెద్దకాయకు స్వభావముచే ఒక మేలు కలదు. పళ్లెములోని అన్నము త్వరగా చల్లారును, గుండిగలోని అన్నము చాలసేపు వెచ్చగానుండును. అట్లే బరువును బట్టి చూడగా పై తలము తక్కువగుటచేత పెద్దకాయ మెల్లగా చల్లారును. ఆకులకు ఈ రక్ష లేదు. అవి పలుచనివి. ఒక్కరాత్రి మంచు గడ్డకట్టిన చాలును, నల్లబడి వ్రాలిపోవును. కాయకు చక్కెర వండి పంపునవి ఆకులే గదా! అవి చచ్చినచో ఎన్ని కంబళ్లు కప్పినను కాయ పెరుగదు. కాబట్టి తెలివిగల తోటవారు తీగెకును పలుచని గుడ్డ పఱచి, చెంతనే నీటిపీపాలు నిలుపుదురు. పగటియెండకు వేడెక్కిన నీరు రాత్రియంతయు మెల్లమెల్లగా వేడిని విడుచును. 200 లీటర్ల నీరు పది డిగ్రీలు చల్లారునప్పుడు 2,000 కిలోకేలరీల వేడిని విడుచును. అదే నీరు గడ్డకట్టునప్పుడు దానికి ఎనిమిదింతలు విడుచును.

ఇంత చేసినను భయము తీరదు. కాయ లోపల వేగముగా ఉబ్బుచుండ, పైతొక్క తగినంత సాగనిచో పగులు పుట్టును. పగులు లోని డొల్లవఱకు పోయెనేని ఆ కాయ పోటీకి పనికిరాదు. ఆఱునెలల కష్టము ఒక్క ఉదయమున వ్యర్థమగును. అందువలననే వారు కంబళి తీయునపుడు ముందుగా చేతితో కాయనంతయు తడవి చూతురట. ఆ క్షణమున వారి గుండె యెట్లు కొట్టుకొనునో మనము ఊహింపవచ్చును.

చదువరులారా! ఈ సత్యమును మీ యింటనే పరీక్షింపుడు. రెండు చెంబులలో సమానముగా వేడినీరు పోసి, ఒకదానికి పొడిగోనె, మఱియొకదానికి తడిగోనె చుట్టి, గాలి వీచుచోట నుంచుడు. అరగంట పిదప రెండింటను వ్రేలు ముంచి చూచిన భేదము తెలియును. దూరదేశపు తోటవాడు గుమ్మడికాయకు కంబళి కప్పుటయు, మన అవ్వ గంజికుండపై మూతపెట్టి గుడ్డ చుట్టుటయు ఒక్క సూత్రముననుసరించియే. వేడిని పుట్టించుట కష్టము. ఉన్నదానిని వేళకు కాపాడుకొనుట సులభము. ఆ వేళ నెఱుగుటయే వివేకము.