రాత్రి పూట పురుగు ఫోటో: ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి?

రాత్రి మేత వేసేటప్పుడు పురుగు ఏదైనా తేడాగా కనిపిస్తే మనం ముందు చేసేది ఫోను తీసి ఫోటో కొట్టడమే. దాన్ని గ్రూపులో పెట్టి "అన్నా, ఇదేం రోగం?" అని అడుగుతాం. అట్లా వచ్చిన ఫోటోల్లో చాలావాటికి ఎవరూ జవాబు చెప్పలేరు. పాలరోగం అని ఒకరంటే, వేడికి అట్లయింది అని ఇంకొకరు. ఆ వాదన తెగేలోపల రోగం పక్క తట్టకు పోతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, పెబ్రైన్ వచ్చిన పురుగు ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు పడతాయి. చీకట్లో తీసిన ఫోటోలో కూడా తెల్ల పురుగు మీద అట్లాంటి చుక్కలే కనిపిస్తాయి. అవి రోగం కాదు, ఐఎస్‌ఓ ఎక్కువై ఫోటోలో వచ్చిన గరుకు.

ఐఎస్‌ఓ అంటే పెద్ద విద్యేమీ కాదు. రేడియోలో స్టేషను సన్నగా వినిపిస్తే సౌండు పెంచుతాం. పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది కదా, ఇదీ అంతే. 100, 200, 400, 800, 1600 అని ఒక్కో మెట్టు ఎక్కితే వెలుతురు రెండింతలైనట్టు ఫోటో తెల్లగా వస్తుంది, గరుకూ పెరుగుతుంది. ఆటోలో వదిలేస్తే ఫోను తనకు తోచిన మెట్టు ఎక్కుతుంది. మన షెడ్డులో అది బాగా పైకే ఎక్కుతుంది. ఎందుకంటే పురుగుకు నచ్చేది మసక వెలుతురు, 15 నుంచి 20 లక్సులు చాలు. ఆ వెలుతురులో 1/50 సెకనుకు ఫోటో తీయాలంటే మామూలు ఫోనుకు ఐఎస్‌ఓ 1600 దాటాలి.

కాబట్టి ఐఎస్‌ఓ ముట్టే ముందు వెలుతురు చూడండి. షెడ్డంతా లైట్లు వేయొద్దు. అనుమానమున్న పురుగులు నాలుగైదు తీసి వేరే కాగితం మీద పెట్టి, ట్యూబులైటు కిందికి తెచ్చుకోండి. లేదా ఇంకొకరి ఫోను టార్చి పక్క నుంచి పట్టించండి. టార్చికి చాకీలో వాడే పారఫిన్ కాగితం ముక్క అడ్డం పెడితే వెలుతురు మెత్తగా పడుతుంది. ఫోను ఫ్లాష్ మాత్రం వద్దు. పాలరోగానికి ఒళ్లు మెరవడం, కణుపుల మధ్య ఉబ్బడం గుర్తులు. ఫ్లాష్ వేస్తే మంచి పురుగు కూడా మెరుస్తుంది!

తర్వాత కెమెరాలో ప్రో మోడ్ తెరవండి. షట్టరు 1/50 పెట్టండి. మన కరెంటుకు కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఫోటోలో అడ్డచారలు రావు. ట్యూబులైటు దగ్గరగా ఉంటే ఈ షట్టరుకు ఐఎస్‌ఓ 400 సరిపోతుంది. టార్చి కూడా ఉంటే 200, ఒక్కోసారి 100కు కూడా దించొచ్చు. చుక్కలు చూపించాలంటే నా లెక్కలో 400 దాటకూడదు. 800 వరకు ఏదో ఓర్చుకోవచ్చు. ఆపైన తీసింది తట్టలో ఎన్ని పురుగులున్నాయో చూపడానికే పనికొస్తుంది.

జ్వరంలో కూర్చున్న పురుగులైతే పని ఇంకా సులువు. అవి కదలవు. ఫోనును స్టాండు కమ్మీకి ఆనించి షట్టరు 1/10 పెడితే మసక వెలుతురులోనే ఐఎస్‌ఓ 400తో వస్తుంది. నైట్ మోడ్ కూడా అప్పుడే వాడాలి. అది నాలుగైదు ఫోటోలు తీసి ఒకటిగా కలుపుతుంది. మేస్తున్న పురుగుకు వాడితే రెండు తలలు వస్తాయి.

ప్రో మోడ్ లేని ఫోనుల వాళ్లు దిగులు పడొద్దు. తెరమీద పురుగు మీదే వేలు పెట్టి నొక్కండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. చుట్టూ ఆకు నల్లగా ఉంటే ఫోను ఫోటోను మరీ తెల్లగా చేస్తుంది, పురుగు ఒంటి మీద గుర్తులన్నీ కొట్టుకుపోతాయి. అందుకే దించడం. మరీ దగ్గరికి పోకుండా జానెడు దూరంలో తీసి తర్వాత కత్తిరించుకోండి. ఒక మూల తెల్ల కాగితం కనిపించేటట్టు చూసుకోండి. పసుపు బల్బు కింద పురుగు పచ్చగా కనిపించినా, కాగితం రంగు చూసి అవతలివాళ్లు లెక్క వేసుకుంటారు.

పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేస్తుంది, ఉన్న గరుకు మరకలవుతుంది. ఎన్నో జ్వరం దాటింది, ఏ జాతి, ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది అనేది ఒక మాట కింద రాయండి.

ఎంత మంచి ఫోటో అయినా పెబ్రైన్‌ను తేల్చేది మైక్రోస్కోపే. చుక్కలు ఫోటోలో స్పష్టంగా పడితే పురుగులను డబ్బాలో పెట్టుకుని సర్వీస్ సెంటరుకు పోండి. ఫోటో తీసిన రోగం పురుగులను మళ్లీ తట్టలో వేయకండి, 0.3 శాతం సున్నం కలిపిన 2 శాతం బ్లీచింగ్ పౌడరు నీళ్లలో వేయండి. ఆ చేతులతోనే ఫోను ముట్టుకుంటాం కదా, చేతులు కడిగి, ఫోను కూడా తుడిచాకే పక్క స్టాండు దగ్గరికి పోండి.