హడావుడి కాదు... అంతకు మించి!

పొద్దున్న ఎనిమిదిన్నర. తొమ్మిదికల్లా పరీక్ష హాల్లో ఉండాలి. హాల్‌టికెట్ కనిపించడం లేదు. అమ్మాయి పుస్తకాల సంచి మొత్తాన్నీ మంచమ్మీద కుమ్మరించింది. అమ్మ బీరువాలో చీరల మడతలన్నీ విప్పేస్తోంది. నాన్న ఫ్రిజ్ మీద చూసిన చోటే మూడోసారి చూస్తున్నాడు. ‘కాస్త నిదానంగా వెతకండర్రా’ అంటోంది నానమ్మ. వినేవాళ్లేరీ! చివరికి ఎక్కడ దొరికిందంటారా? ముందురోజు జిరాక్సు తీయించిన కవర్లోనే!

ఆ పది నిమిషాల్లో ఆ ఇంట్లో జరిగిందాన్ని ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో చెప్పమంటే... ‘ఫ్రాంటిక్’.

ఇంగ్లిష్ పేపరు చదివేవాళ్లకి ఇది పాత పరిచయమే. తప్పిపోయిన పిల్లాడి కోసం ‘ఫ్రాంటిక్ సెర్చ్’, ప్రమాద వార్త విన్న బంధువుల ‘ఫ్రాంటిక్ కాల్స్’, కూలిన భవనం కింద చిక్కుకున్నవాళ్లను కాపాడేందుకు ‘ఫ్రాంటిక్ ఎఫర్ట్స్’... ఇలా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది. కాకపోతే చాలామంది దీన్ని ‘బిజీ’కి కాస్త పెద్దన్నయ్య అనుకుంటారు. ‘ఈ వారమంతా ఒకటే ఫ్రాంటిక్’ అనేస్తారు. నిజానికి ఆ మాటలో పని ఒత్తిడి ఒక్కటే కాదు, ఇంకోటి కూడా ఉంది. అదే... పట్టు తప్పడం!

పనెక్కువైతే ‘హెక్టిక్’

మన దగ్గర బాగా వాడుకలో ఉన్న మాట ‘హెక్టిక్’. ఆడపెళ్లివారి ఇంట్లో పెళ్లికి ముందురోజు ఎలా ఉంటుంది? వంటవాళ్లు, పూలవాళ్లు, షామియానావాళ్లు, ఊళ్ల నుంచి దిగే చుట్టాలు... ఊపిరి సలపనంత పని. అయినా ఎవరి పని వాళ్లు చేసుకుపోతుంటారు. అది హెక్టిక్. అదే ముహూర్తానికి పావుగంట ముందు మంగళసూత్రాలు పెట్టిన డబ్బా కనిపించలేదనుకోండి. ఒకరు కారు దగ్గరికి, ఒకరు విడిదింటికి, ఒకరు ఎందుకో తెలీకుండానే వంటశాలలోకి పరుగెడతారు. అది ఫ్రాంటిక్.

మొదటిదాంట్లో పని ఎక్కువ. రెండోదాంట్లో పని ఒక్కటే... వెతకడం. కానీ టైము లేదు, గుండెల్లో భయం, చేతుల్లో వణుకు. చేసే పనికి ఓ పద్ధతంటూ ఉండదు.

విచిత్రమేంటంటే ఈ రెండు మాటలూ జబ్బుల నుంచి పుట్టినవే. క్షయ రోగుల్ని వదలకుండా పట్టి పీడించే జ్వరాన్ని పాతకాలపు వైద్యులు ‘హెక్టిక్’ అనేవారు. దానికి మూలమైన గ్రీకు మాటకి అలవాటుగా మారినది అని అర్థం. జ్వరం పట్టినట్టు ఆగకుండా సాగే పనులకి ఆ పేరు వాడడం 20వ శతాబ్దంలోనే బాగా అలవాటైంది. మరి ఫ్రాంటిక్ సంగతి?

మనసు పొట్ట పైనుందట!

ప్రాచీన గ్రీకులకి ‘ఫ్రెన్’ అంటే మనసు. అది ఉండేది తలలో అనుకునేవారు కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య, ఊపిరి తీసినప్పుడు కదిలే భాగంలో ఉంటుందని నమ్మేవారు. ఇప్పటికీ ఆ కండరాన్ని, అంటే ఉదరవితానాన్ని కదిలించే నరం పేరు ‘ఫ్రెనిక్ నెర్వ్’. మనం మాత్రం ఏం తక్కువ? చెడ్డ కబురు వింటే ‘గుండె జారిపోయింది’ అంటాం, ‘కడుపు తరుక్కుపోయింది’ అంటాం. తల ఊసే ఎత్తం!

ఆ ఫ్రెన్ నుంచి వచ్చిందే ‘ఫ్రెనైటిస్’. తీవ్రమైన జ్వరంలో మనిషి మతి తప్పి మాట్లాడే స్థితిని గ్రీకు వైద్యులు అలా పిలిచేవారు. మన పెద్దలు సంధి ప్రేలాపన అనేది ఇలాంటిదే. ఆ మాట లాటిన్‌కి, అట్నుంచి ఫ్రెంచికి వెళ్లి, 14వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి అడుగుపెట్టింది. అప్పట్లో ఫ్రాంటిక్ అంటే అచ్చంగా ‘పిచ్చిపట్టిన’ అనే అర్థం. ‘ఫ్రెంజీ’, ‘ఫ్రెనెటిక్’ దీనికి అక్కచెల్లెళ్లు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లూలర్ 1908లో ఒక మానసిక వ్యాధికి ‘స్కిజోఫ్రీనియా’ అని పేరు పెట్టినప్పుడు వాడుకున్నదీ ఈ ఫ్రెన్‌నే.

కాలం గడిచేకొద్దీ ఫ్రాంటిక్ ఆసుపత్రి నుంచి ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడది జబ్బు పేరు కాదు. మంచి మతిలో ఉన్న మనిషే భయంతోనో, దిగులుతోనో, టైము చాలకో కాసేపు అదుపు తప్పితే వాడే మాట.

ఇలా వాడితే సరి

ఈ మాటని మనిషికీ వాడొచ్చు, మనిషి చేసే పనికీ వాడొచ్చు. బడికెళ్లిన పిల్లాడు చీకటిపడినా రాకపోతే ఆ తల్లి ‘ఫ్రాంటిక్ విత్ వర్రీ’. ఆమె వరుసగా చేసే ఫోన్లు ‘ఫ్రాంటిక్ కాల్స్’. రిటర్నుల గడువు ముగిసే రాత్రి ఆడిటర్ ఆఫీసులో కనిపించేది ‘ఫ్రాంటిక్ యాక్టివిటీ’. ఈ చివరిదాంట్లో భయం పాలు తక్కువే. అయినా గందరగోళం ఉంది కాబట్టి తప్పేం లేదు. ఎప్పుడో ఒకసారి పట్టరాని సంతోషానికీ వాడతారు.

వాడకూడని చోట్లూ ఉన్నాయి. ఆపరేషన్ థియేటర్ బయట కుర్చీలో కదలకుండా కూర్చుని, లోపల్లోపలే కుమిలిపోతున్న మనిషి ఫ్రాంటిక్ కాదు... ‘యాంగ్షస్’. దిగులు అంతే ఉండొచ్చు, కానీ అది కాళ్లలోకీ చేతుల్లోకీ రాలేదు. ఆశలన్నీ అడుగంటి, ఏదైనా చేసేందుకు తెగించిన మనిషి ‘డెస్పరేట్’.

పిల్లలకో చిన్న చిట్కా. ‘కంగారుగా’ అనే అర్థంలో రాసేటప్పుడు ఫ్రాంటిక్ చివర ఎ-ఎల్-ఎల్-వై చేర్చాలి. పలకడం మాత్రం ‘ఫ్రాంటిక్లీ’ అనే! విన్నట్టే రాస్తే స్పెల్లింగు తప్పుతుంది.

అర్థం బాగా గుర్తుండాలంటే అదే పేరుతో 1988లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఉంది. రోమన్ పొలాన్‌స్కీ దర్శకుడు. హారిసన్ ఫోర్డ్ అందులో అమెరికా డాక్టరు. భార్యతో ప్యారిస్ వెళ్తాడు. అతను స్నానం చేసి వచ్చేసరికి హోటల్ గదిలో ఆమె ఉండదు. భాష రాదు, చెబితే నమ్మేవాళ్లు లేరు. ఆ వెతుకులాటే కథంతా. అంతకు మించి సరైన పేరు దొరుకుతుందా!

తెలుగులో ఏమనాలి?

ఒక్క మాట చాలదు. ‘హడావుడి’లో తొందర ఉంది కానీ భయం లేదు. పండగ హడావుడి అని సరదాగా కూడా అంటాం. ‘ఆదుర్దా’లో భయం ఉంది కానీ పరుగు లేదు. ‘కంగారు’లో రెండూ ఉన్నాయి, కాకపోతే మోతాదు కాస్త తక్కువ. ‘కాలుకాలిన పిల్లిలా’ అంటే చాలావరకు సరిపోతుంది. ఇంకా దగ్గరి మాట కావాలంటే పిల్లాడు తప్పిపోయి దొరికిన ఏ తల్లినైనా అడగండి. ‘జాతరంతా పిచ్చిదాన్లా వెతికానమ్మా’ అంటుంది. ఇంగ్లిష్ మాట పుట్టిందీ సరిగ్గా అక్కడే. గ్రీకు తెలీని మన అమ్మలు కూడా అదే దారిలో వెళ్లారన్నమాట!

మాట విలువ మాటకుంది

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, తమిళనాడు నుంచి ఆంధ్ర దాకా తీరమంతా జనం అయినవాళ్ల కోసం ఒడ్డునా ఆసుపత్రుల్లోనూ వెతుక్కున్నారు. ఫ్రాంటిక్ అనేది అలాంటి వేళ కోసం ఉన్న మాట. ఫైలు పంపడం రెండు గంటలు ఆలస్యమైతే అదే మాట, ఇంట్లో పెద్దాయన కనిపించకపోయినా అదే మాట అంటే ఎలా? నాన్నా పులి కథలో పిల్లాడికేమైందో తెలిసిందేగా! రోజూ వింటే నిజంగా అవసరమైన రోజున ఎవరూ తలెత్తి చూడరు.

అందుకే ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో ఫోన్లో ‘ఫ్రాంటిక్‌గా ఉంది’ అంటే వెంటనే పెట్టేయకండి. ‘పనెక్కువగా ఉందా, కంగారుగా ఉందా?’ అని ఒక్క మాట అడగండి. పనెక్కువైతే ‘సరే, తీరిగ్గా చెయ్యి’ అని ఫోన్ పెట్టేయొచ్చు. కంగారైతే మాత్రం ఇంకాసేపు లైన్లోనే ఉండండి. హాల్‌టికెట్ వెతికిన రోజు నానమ్మ చేసిందీ అదే. కవరు కనిపెట్టింది ఆవిడే మరి!