పాత కంప్యూటరులోని తెలుగు

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఒక తల్లి మా పాఠశాలకు వచ్చి, 2008వ సంవత్సరపు వార్షిక సంచికలో తమ కుమార్తె వ్రాసిన వ్యాసము కావలెనని యడిగిరి. ఆ కుమార్తె యిప్పుడు లేదు. ఇంటనున్న ప్రతి చెదలపాలైనది. మా గ్రంథాలయపు బీరువాలోను ఆ యేటి సంచిక కనబడలేదు. దొరికినదెల్ల, అచ్చుపని ముగిసిన పిమ్మట ముద్రణాలయమువారు మాకిచ్చిన సి.డి. యొక్కటే. అది చాలునని తలంచి, "రేపు రండమ్మా" యని ఆమెతో చెప్పితిమి. ఆ మాట తొందరపడి చెప్పినదని సాయంకాలమునకే తెలిసినది.

మా కొత్త కంప్యూటరులో సి.డి. పెట్టుటకు చోటే లేదు. విడిగా తగిలించు సాధనము నొకదానిని ఎరవు తెచ్చి చూడగా, పుటలున్న ఫైలును కంప్యూటరు తెరువనే లేదు. దాని ప్రక్కనున్న వేరొక ఫైలు తెరచుకొన్నది గాని, అందు తెలుగక్షర మొక్కటియు లేదు. నెత్తిన చుక్కలు, క్రింద తోకలు గల యింగ్లీషు అక్షరములు పుటలకొలది నిండియున్నవి. దగ్గర నిలిచియున్న పదవ తరగతి బాలుడు, "ఇది ఫ్రెంచా అండీ, మాస్టారూ?" అని యడిగెను. ఫ్రెంచి కాదు, తెలుగే.

తెలుగు అట్లేల కనబడెనో మన విద్యార్థులు తెలిసికొనవలసియున్నది. కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. ఫలాని సంఖ్య వచ్చినపుడు ఫలాని బొమ్మను తెరపై గీయవలెనని ముందుగా నేర్పాటు చేయబడును. తెలుగక్షరముల కట్టి సంఖ్యలు యూనికోడు అను ప్రపంచ పట్టికలో 1991లోనే యేర్పడినవి. అందు "క" సంఖ్య 3093. కాని కంప్యూటర్లు ఆ పట్టిక ననుసరించి గుణింతములను, ఒత్తులను సరిగా కూర్చి చూపుటకు మరి కొన్ని యేండ్లు పట్టినది. అంతవరకు శుభలేఖలు, కరపత్రములు, పాఠశాల సంచికలు ఆగియుండునా? కావున ఫాంటులు తయారుచేయువారొక యుపాయము పన్నిరి. ఇంగ్లీషు మొదలగు భాషల యక్షరములకు కేటాయింపబడిన సంఖ్యలనే తీసికొని, ఆ గదులలో తెలుగు తునకలను నింపిరి. ఒక గదిలో తలకట్టు, ఒకదానిలో గుడి, వేరొకదానిలో ఒత్తు. పూర్వము కంపోజిటరు సీసపు టక్షరములను కేసు గళ్లలో నుంచుకొన్నట్లే యిదియును. ఆ ఫాంటున్న యంత్రములో నది తెలుగుగా కనబడును, లేని యంత్రములో మా బాలునకు ఫ్రెంచిగా తోచును.

మన ప్రాంతపు డి.టి.పి. పనివారు మిక్కిలిగా వాడినవి "అను" ఫాంటులు. పుటల కూర్పునకు పేజిమేకరును వాడిరి. దీనిని 1985లో ఆల్డసు కంపెనీ వెలువరించినది. (వెనీసు నగరమున అయిదువందల యేండ్లకు పూర్వము గ్రంథములచ్చొత్తించిన ఆల్డస్ మనూటియసు పేరే ఆ కంపెనీ పెట్టుకొన్నది.) 1994లో ఆ కంపెనీ అడోబీవారి చేతికి పోయినది. 2001లో వచ్చిన 7వ కూర్పుతో పేజిమేకరు పెరుగుట నిలిచినది. కావున ఆ వ్యాసమును చదువవలెనన్న, ఆ ఫాంటు, ఆ పేజిమేకరు, ఆ రెండును కుదురుగా నడచు నాటి ఆపరేటింగు సిస్టము, ఈ మూడును ఒకచోట నుండవలెను. సి.డి.ని సంచిలో వేసికొని రేపల్లెలో రైలెక్కి తెనాలి పోయితిమి.

అచ్చువేసిన ముద్రణాలయము మూతబడి చాల కాలమైనది. అందు పనిచేసిన ఆపరేటరు గారు ఒక సందులో స్వంతముగా దుకాణము నడుపుచున్నారు. ముందుబల్లపై కొత్త యంత్రము, మూలను గుడ్డ కప్పిన పాత యంత్రము. ఆ గుడ్డ తీసి మీట నొక్కగా విండోసు ఎక్స్.పి. తెర వెలిగినది. అయిదు నిమిషములలో మా 2008 సంచిక యంతయు, అట్టపై బొమ్మతో సహా, కండ్లయెదుట నిలిచినది. బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రతీరమునకు పోయిన విహారయాత్రను గూర్చి ఆ బాలిక వ్రాసిన వ్యాసము 31వ పుటలో నున్నది.

"ఈ పాతదాని నింకను ఎందులకుంచితిరి?" అని యడిగితిమి. "ఇరువదేండ్ల పని దీనిలో ఉందండీ. తండ్రిగారి పుస్తకం మళ్లీ అచ్చువేయమని ఎవరైనా వస్తే ఏం చెప్పమంటారు?" అని ఆయన బదులు చెప్పిరి.

ఆపరేటింగు సిస్టమనగా యంత్రమునకును మనము వాడు సాధనములకును నడుమ నిలిచి, ఎవరికెంత జ్ఞాపకము, ఎవరి కెప్పుడు తెర, ఎవరి కెప్పుడు ప్రింటరు అని పంచిపెట్టు పెద్దవంటిది. ఆ పెద్ద మారినచో అతని క్రింద పనిచేసినవారిలో కొందరు నిలువలేరు. ఎక్స్.పి. 2001లో వచ్చినది. దానిని తయారుచేసిన మైక్రోసాఫ్టు కంపెనీ 2014 ఏప్రిలు 8తో దానికి సవరణలు పంపుట మానినది. విండోసు 7నకు 2020 జనవరి 14తోను, విండోసు 10నకు 2025 అక్టోబరు 14తోను గడువు తీరినది.

ఇదియంతయు వ్యాపారుల కుట్రయని కొందరందురు. అట్టి కుట్రలు లోకములో లేకపోలేదు. 1924లో జెనీవా నగరమున విద్యుద్దీపముల కంపెనీలు కూడి, బల్బు వేయి గంటలకు మించి వెలుగరాదని కట్టుబాటు చేసికొన్నవి. వస్తువులకు ముందే ఆయుష్షు నిర్ణయింపవలెనని 1932లో బెర్నార్డు లండన్ అను నతడు అమెరికాలో కరపత్రమే ప్రచురించెను. ఎక్స్.పి. విషయమున మాత్రము మేమట్లనలేము. పండ్రెండేండ్లకు పైగా దానిని సంరక్షించిరి. ఒక పనిని శాశ్వతముగా నెవరు చేయగలరు? మాకు బాధ కలిగించునది వేరొకటి. 2021లో వచ్చిన విండోసు 11 తన్ను నిలుపుకొను యంత్రమున టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా భాగ ముండవలెనని, ప్రాసెసరు తాము చెప్పిన పట్టికలోనిదై యుండవలెనని నియమము పెట్టినది. మా ప్రయోగశాలలో 2014లో కొన్న 12 కంప్యూటర్లలో చెడినదొక్కటియు లేదు. అయినను అవి యన్నియు ఆ పరీక్షలో తప్పినవి. 2022వ సంవత్సరమున ప్రపంచమున పారవేయబడిన విద్యుత్ సామగ్రి 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితివారి లెక్క. నడచుచున్న వానిని కూడ ఆ కుప్పలో చేర్చుటకు మా మనసొప్పలేదు.

పాత సిస్టమును వాడుటలో నపాయము లేదని యెవరును తలంపరాదు. గడువు తీరిన దానిలో కనబడిన లొసుగు లెన్నటికిని పూడవు. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్టప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి డబ్బడిగినపుడు, సవరణ వేసికొనని యంత్రములే దానికి చిక్కినవి. బ్రిటనులో ఆస్పత్రులు, మన రాష్ట్రమున పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని, దాని వాత బడినవి. గడువు తీరి మూడేండ్లయినను, అప్పుడు మైక్రోసాఫ్టువారు ఎక్స్.పి.కి ప్రత్యేకముగా నొక సవరణ విడుదల చేయవలసివచ్చినది.

ఈ సంగతి తెనాలి ఆపరేటరు గారికి మాకంటె బాగుగా తెలియును. ఆయన పాత యంత్రమునకు ఇంటర్నెట్టు తీగ తగిలింపరు. పరుల పెన్‌డ్రైవును ముందుగా కొత్త యంత్రములో పరీక్షించిన తరువాతనే దీనికి పెట్టుదురు. హార్డు డిస్కు నంతటిని మరియొక డిస్కులోనికి యథాతథముగా దించి, దానిని ఇంటివద్ద నుంచినారు. డిస్కు తిరుగునది గనుక ఒకనాడు తప్పక ఆగునని ఆయన మాట. తేదీ తప్పుగా చూపినపుడు మదర్‌బోర్డుపై నాణెమువంటి బ్యాటరీని మార్చుదురు. నెల కొకసారి ఫ్యాను దుమ్ము దులుపుదురు. మన డెల్టా గాలిలో తేమ హెచ్చు. వర్షకాలమున యంత్రమును వాడకయే నెలలకొలది యుంచినచో తుప్పు పట్టునని, పనిలేకున్నను వారమున కొకసారి వెలిగింతురు.

ఇట్లు కాపాడినను ఇనుమునకు ఆయువు గలదు కదా! దీనికి మరియొక మార్గమును బాపట్లలో కంప్యూటర్లు బాగుచేయు మా పూర్వవిద్యార్థి చూపెను. కొత్త యంత్రములో వర్చువల్‌బాక్సు అను ఉచిత సాధనమును నిలిపి, దానిలో పాత సిస్టమును ఒక ఫైలుగా నుంచవచ్చును. ఇంటిలోపల గది కట్టినట్లు, కంప్యూటరులోపల కంప్యూటరు నడచును. లోపలి దానికి ఇంటర్నెట్టు లేకుండ చేయుట యొక్క మీట పని. ఇందులకు పాత సిస్టము లైసెన్సు మనవద్ద నుండవలెను. ఎరవు డిస్కుతో చేయుట న్యాయము కాదు.

ప్రయోగశాలలోని 12 యంత్రములకు ఆ యువకుడే లినక్సు వేసెను. దీని నడిబొడ్డు భాగమును హెల్సింకిలో చదువుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో వెలువరించెను. దీనిని ఉచితముగా తెచ్చుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో చాల యేండ్లుగా నిదియే వాడుచున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడిరి. తేలికయైన తెర నెన్నుకొన్నందున మా పాత యంత్రములు మునుపటికంటె చురుకుగా నడచుచున్నవి. ప్రింటరు మాత్రము రెండు వారములు మమ్ము సతాయించినది. లినక్సుకును గడువులు లేకపోలేదు. 2025లో వచ్చిన డెబియన్ 13వ కూర్పు మిక్కిలి పాతవగు 32 బిట్ల యంత్రములపై వేయుటకు వీలుపడదు.

ఆ తల్లికి ఆలస్యముగా నైనను వ్యాసము అచ్చుతీసి యిచ్చితిమి. ఆమె అప్పుడు చదువలేదు. అడుగున పేరున్నచోట కొంతసేపు చూచి, కాగితమును మడిచి సంచిలో పెట్టుకొనిరి.

ఆ తరువాత మా యొద్దనున్న సి.డి.లన్నిటిని తెనాలికి తీసికొనిపోయి, పుటల బొమ్మలను పి.డి.ఎఫ్. గాను, అక్షరములను యూనికోడు గాను మార్పించుచున్నాము. మార్చు సాధనములు గలవు గాని, ఒత్తులున్నచోట తడబడును. అందువలన తొమ్మిదవ తరగతి విద్యార్థులు శనివారములందు ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరు పుట బొమ్మను చదువ మరియొకరు దిద్దుచున్నారు. ఇంతవరకు నాలుగు సంచికలు పూర్తియైనవి. ప్రతిదానికి రెండు నకళ్లు చేసి, ఒకటి పాఠశాలలోను ఒకటి వేరొక యింటను ఉంచుచున్నాము.

2006వ సంవత్సరపు సి.డి. పైపొర పెచ్చులూడిపోయినందున తెనాలి యంత్రమును దానిని చదువలేదు. ఆ సంచిక ముద్రితప్రతి యెవరి యింటనైన నున్నచో, పుటలు ఫొటో తీసికొని తిరిగి యిచ్చెదము. దయచేసి కార్యాలయమున తెలుపగోరుచున్నాము.