అందరికీ అందే పరిశోధన

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట నుండి జాతీయ రహదారి వెంట ఇచ్ఛాపురం వైపు సాగితే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో అలరారే ఉద్దానం ప్రాంతం వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస మొదలైన మండలాల్లో విస్తరించిన ఈ పచ్చని సీమను దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. దానికి మూలకారణమేమిటో శాస్త్రజ్ఞులు నేటికీ నిర్ధారించలేకపోయారు.

ఈ అన్వేషణలో భాగంగా వైద్య పరిశోధకులు ఉద్దానం గ్రామాల్లో 2 వేల మందికి పైగా ప్రజలను పరీక్షించారు. నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నదనీ, వారిలో అధికసంఖ్యాకులకు అది తెలిసిన కారణాలతో వచ్చినది కాదనీ తేల్చారు. ఈ ఫలితాలు 2019లో ‘కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్’ అనే పత్రికలో వెలువడ్డాయి. అది ఓపెన్ యాక్సెస్ పత్రిక. కనుక నరసన్నపేటలోని వైద్యుడైనా, విద్యార్థి అయినా అంతర్జాలంలో ఆ వ్యాసాన్ని రుసుము లేకుండా చదువుకోవచ్చు.

పరిశోధన పత్రికలన్నీ ఇటువంటివి కావు. శాస్త్రవేత్త తన ఫలితాలను వ్యాసంగా రాసి పత్రికకు పంపుతాడు. ఆ రంగంలోని నిపుణులు, సాధారణంగా ప్రతిఫలం తీసుకోకుండానే, దాని గుణదోషాలను పరిశీలిస్తారు. అనేక పరిశోధనలు ప్రజాధనంతోనే జరుగుతాయి. అయినప్పటికీ అచ్చయిన వ్యాసాన్ని చదవడానికి చందా చెల్లించవలసి వస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయాలకే భారమైన ఆ చందాను చిన్న పట్టణాల కళాశాలలు భరించడం కష్టం.

ఈ అడ్డుగోడను తొలగించాలన్న సంకల్పంతో 2002లో బుడాపెస్ట్ ప్రకటన వెలువడింది. అది రెండు మార్గాలను సూచించింది. ఉచితంగా చదువుకోదగిన పత్రికలను నెలకొల్పడం మొదటిది. రచయితలు తమ వ్యాసాల ప్రతులను అందరికీ అందుబాటులో ఉండే అంతర్జాల భాండాగారాల్లో భద్రపరచడం రెండవది. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, శాస్త్ర సాంకేతిక విభాగం తమ నిధులతో వెలువడే వ్యాసాలకు ఈ రెండవ మార్గాన్ని 2014లో విధానంగా ప్రకటించాయి. 2025లో అమలులోకి వచ్చిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు వేలాది పత్రికలను చేరువ చేసింది. అయితే ఆ సంస్థలకు వెలుపల ఉన్న రోగికి, రైతుకు, గ్రామీణ వైద్యునికి ఓపెన్ యాక్సెస్ ఒక్కటే తెరిచిన తలుపు.

ఈ విధానంలోనూ చిక్కులు లేకపోలేదు. పాఠకునికి తప్పిన ఖర్చు అనేక పత్రికల్లో రచయిత మీద పడుతోంది. కేవలం రుసుము కోసం సరైన పరిశీలన లేకుండానే వ్యాసాలను ప్రచురించే పత్రికలూ పుట్టుకొచ్చాయి. అందువల్ల ఉచితంగా లభించినదల్లా ప్రామాణికమని భావించరాదు.

వీటన్నింటినీ మించిన అవరోధం భాష. ఉద్దానం ప్రజల రక్త, మూత్ర నమూనాల నుండి పుట్టిన జ్ఞానం ఆంగ్లంలో ఉన్నది. దాని సారాంశం తెలుగులోనూ వెలువడిన నాడే ఆ నమూనాలను ఇచ్చిన రైతుకు తన ఊరి వ్యాధిని గురించి తెలుస్తుంది. పరిశోధన ఫలం ప్రజలకు నిజంగా చేరడమంటే అదే.