మోకు తెగిన క్షణము

నూతినీరు తోడు గిలకకును, పదియంతస్తుల మేడపైకి మనుష్యులను చేరవేయు లిఫ్టునకును మూలసూత్రమొక్కటియే. అయినను, ఇటుకలను ధాన్యపు బస్తాలను నిస్సంకోచముగ మోకునకు తగిలించి పైకెత్తిన మనుష్యుడు, తానే మోకున వ్రేలాడు వేదికపై నిలువవలసి వచ్చినపుడు మాత్రము వెనుకాడుచు వచ్చెను. ఏలయన, బస్తా పడినచో ధాన్యము చిందును గాని, మనిషి పడినచో ప్రాణమే పోవును.

ఆ భయమును తీర్చినవాడు అమెరికా దేశీయుడగు ఎలీషా ఓటిస్. న్యూయార్కు సమీపమునగల యాంకర్సు పట్టణమున, మంచములు చేయు కర్మాగారములో యంత్రనిపుణుడుగ నుండి, 1852లో ఆయన యొక ఉపాయమును కనిపెట్టెను. బండికి అమర్చు ఉక్కు కమానును వేదిక పైభాగమున నిలిపి, దానికి మోకును తగిలించి, ఇరుప్రక్కల నిలువు కంబములకు ఱంపపు పండ్లవంటి పండ్లను ఏర్పరచెను. వేదిక బరువు మోకును లాగుచున్నంతవఱకు కమాను వంగియుండును. మోకు తెగిన తోడనే ఆ లాగుడు నశించి, కమాను చాచుకొని, దాని కొనలు పండ్లలో చిక్కుకొని వేదికను నిలిపివేయును. 1854లో న్యూయార్కు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనశాలలో, ఎత్తున వ్రేలాడు వేదికపై తానే నిలిచి, జనసమూహము చూచుచుండగా ఓటిస్ మోకును నఱికించెను. వేదిక కొలదిగ జాఱి ఆగిపోయెను. 1857 మార్చి 23వ తేదీన బ్రాడ్వే వీధిలో పింగాణి, గాజు సామగ్రి విక్రయించు ఐదంతస్తుల అంగడిలో, ఆవిరిశక్తితో నడచు ఆయన లిఫ్టు మనుష్యులను మోయసాగెను. దాని వేగము నిమిషమునకు 40 అడుగులు మాత్రమే. 1861లో ఓటిస్ మరణించెను. 1880లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరమున వెర్నర్ సీమెన్సు విద్యుత్తుతో నడచు లిఫ్టును ప్రదర్శించెను.

లిఫ్టు పైకి కదలినంతనే కాళ్లు బరువెక్కినట్లును, పై అంతస్తున ఆగబోవునపుడు దేహము తేలికపడినట్లును మనకు తోచును. ఇది భ్రాంతి కాదు. బరువుగ మనకు తెలియునది భూమి మనలను లాగు బలము కాదు, పాదములక్రింది నేల మనలను పైకి నెట్టు బలము. 60 కిలోల మనిషి లిఫ్టులో కాటాపై నిలిచెననుకొందము. లిఫ్టు కదలకున్నపుడు ముల్లు 60ని చూపును. సెకను సెకనుకు వేగము ఒక్కొక్క మీటరు పెరుగుచు లేచునపుడు, నేల అతనిని మోయుటయేకాక పైకి త్రోయవలసియు నుండును గనుక, ముల్లు సుమారు 66కు చేరును. వేగము నిలకడపడినపిదప, ఎంత త్వరగ పోవుచున్నను, తిరిగి 60కే వచ్చును. అదే తీరున వేగము తగ్గుచు ఆగునపుడు 54కు దిగును. క్రిందికి వచ్చునపుడు ఈ క్రమము తలక్రిందులగును: బయలుదేఱునపుడు 54, ఆగబోవునపుడు 66.

ఇక మోకు తెగి, ఏ అడ్డును లేక లిఫ్టు పడినచో, నేలయు మనిషియు సమముగ పడుచుందురు గనుక ఒకరినొకరు నెట్టుకొనుట యుండదు. భూమ్యాకర్షణ ఇసుమంతయు తగ్గకున్నను ముల్లు సున్నవద్ద నిలుచును. 1907లో, స్విట్జర్లండులోని బెర్న్ పేటెంటు కార్యాలయమున ఉద్యోగియైయున్న ఐన్‌స్టయిన్‌కు, ఇంటికప్పునుండి పడువానికి తన బరువు తెలియదను ఊహ తట్టెను. అది తన జీవితములోకెల్ల అత్యంతానందకరమైన ఊహయని ఆయన తదుపరి చెప్పుకొనెను. గురుత్వమునకును త్వరణమునకును గల ఈ సామ్యమునే ఆధారముగ గొని, 1915లో ఆయన సాధారణ సాపేక్ష సిద్ధాంతమును పూర్తిచేసెను.

ఓటిస్ కమాను గుర్తించినదియు ఈ సత్యమునే: పడుచున్న వస్తువు మోకుపై బరువు మోపదు. ఏ భారనాశము ప్రాణాంతకమని జనులు భయపడిరో, ఆ భారనాశముననే ఓటిస్ రక్షణోపాయమును, ఐన్‌స్టయిన్ విశ్వరహస్యమును కనుగొనిరి. పాఠకులారా, ఈసారి లిఫ్టు ఎక్కినపుడు చిన్న కాటానొకదానిని వెంటగొనిపోయి, దానిపై నిలిచి ముల్లును కనిపెట్టి చూడుడు.