'కైకిలి' పదవిచారము

వికారాబాదు జిల్లాలోని బంట్వారము మండలము కన్నడసీమకు చేరువలోనిది. తెలంగాణపు పల్లెలలో దినవేతనమునకు చేయు పొలముపనిని 'కైకిలి' యందురు. బంట్వారమువంటి సరిహద్దు సీమలో ఈ మాట విన్నవారు, మొదటి 'కై'ని బట్టి ఇది కన్నడమునుండి వచ్చినదని తలచుట సహజము. అది యుక్తము కాదని మా యభిప్రాయము.

చేతికి మూలద్రావిడరూపము 'కయ్'. కన్నడమున తొలి కకారము నిలిచినది. తెలుగున తాలవ్యాచ్చులకు ముందు అది చకారమైనది. కన్నడపు కివి, కెఱె అనువానికి తెలుగున చెవి, చెఱువు ఉన్నట్లే, 'కయ్'కి 'చేయి' యున్నది. ఐనను కైకొను, కైదండ మున్నగు సమాసములందు 'కై' మన కావ్యభాషలోనే కలదు. కావున ఈ పదమునకై సరిహద్దు దాటనక్కరలేదు.

రెండవ భాగము 'కూలి'. సమాసమున దీర్ఘము హ్రస్వమై, తుది యికారము ననుసరించి ఉకారము ఇకారమైనదని ఊహింతుము. మనుషులు, మనిషి అను రూపములందు ఇట్టి స్వరసమీకరణమే కానవచ్చును. కైకిలి యనగా చేతికూలి.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశము 1962లో వెలువడి, పల్లె నోటినుండి పదములు సేకరించు మార్గమును చూపినది. నేడు కోతపని యంత్రముల పాలగుచున్నది. పనితోపాటు మాటయు మరుగుపడకమునుపే, పరిశోధక విద్యార్థులు దీనిని వికృతరూపమని త్రోసివేయక, ఊరూరి ఉచ్చారణభేదములతో సేకరింపవలెను.