కోల్‌కతా లీగ్‌ 1961: ఈస్ట్‌ బెంగాల్‌ నిరీక్షణకు తెరదించిన సికింద్రాబాద్‌ బలరామ్‌

కోల్‌కతా ఫుట్‌బాల్‌ లీగ్‌ 1898లో ప్రారంభమైంది. ఆసియాలోని అతి పురాతన లీగ్‌లలో ఇది ఒకటి. నాకౌట్‌ పోటీలో కొద్ది రోజుల మెరుపు చాలు, కప్పు దక్కవచ్చు. లీగ్‌లో అలా కుదరదు. వర్షాకాలపు బురద మైదానాలలో వారాల తరబడి పాయింట్లు కూడబెట్టిన జట్టుకే కిరీటం. 1952 తరువాత ఆ కిరీటం ఈస్ట్‌ బెంగాల్‌కు అందని పండయింది.

1961లో ఆ నిరీక్షణ ముగిసింది. నాటి సారథి తులసీదాస్‌ బలరామ్‌. సికింద్రాబాద్‌ ప్రాంతంలోని అమ్ముగూడలో పుట్టి, హైదరాబాద్‌ ఫుట్‌బాల్‌లో రాటుదేలి, 1957లో ఆ క్లబ్‌లో చేరారు. సారథ్య బాధ్యత మోస్తూనే ఆ సీజన్‌లో 23 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానాన నిలిచారు.

అంతకు ముందు ఏడాది రోమ్‌ ఒలింపిక్స్‌లో హంగేరీపైనా, దక్షిణ అమెరికా జట్టు పెరూపైనా గోల్స్‌ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం నెగ్గిన జట్టు సభ్యుడు. అయితే అనారోగ్యం వల్ల ఆ మరుసటి ఏడాదే, ముప్పై ఏళ్లయినా నిండకుండానే, ఆటకు దూరమయ్యారు.

భారత దాడికి త్రిమూర్తులుగా పేరొందిన వారిలో చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలకు పద్మశ్రీ లభించింది. బలరామ్‌కు అర్జున పురస్కారమే మిగిలింది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన కన్నుమూశారు.